దావీదన్న కలిపిన చల్లటి కారం

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, సిరిసిల్లలోని మా ఇంట్లో కునుకు తీస్తున్న నన్ను ఒక వాసన లేపింది. వేయించిన నువ్వులు, పుల్లటి సిర్కా, దంచిన వెల్లుల్లి, ఎండుమిరప కారం, వీటన్నిటి అడుగున కాస్త తీపి. ఆ వాసన మా ఇంట్లోకి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. లేచి వంటింటి గడప దగ్గర నిలబడ్డాను. మనుమరాలు శ్రావ్య ఫోను గోడకు ఆనించి, అందులో ఎవరో చెబుతుంటే చూస్తూ, ఉడికిన నూడుల్స్‌ను జల్లెడలో వేసి నీళ్ళు పోస్తున్నది.

"తాతా, గిది నీకు తెల్వది. కొరియా వంట. సల్లగుంటది, కారం మాత్రం మస్తుంటది" అన్నది.

"ఇంకా కడుగు" అన్నాను.

"రెండుసార్లు కడిగిన."

"సాలదు. రెండు చేతులతోని బట్టలు పిండినట్టు రుద్దాలె. కింద పడే నీళ్ళు తేటగ కావాలె. ఆఖరుకు ఐసు నీళ్ళల్ల ముంచాలె."

అది ఫోను వంక చూసింది, నా వంక చూసింది. సరిగ్గా అప్పుడే ఆ ఫోనులోని అమ్మాయి కూడా అదే మాట చెప్పింది. "నీకెట్ల తెలుసు తాతా?"

నాకు ఒళ్ళు మండింది. ఈ కాలం పిల్లలకు ప్రపంచమంతా తాము చూశాకే పుట్టినట్టు ఉంటుంది. కొరియా వాడి అన్నం ఎలా ఉంటుందో, ఉప్పూ పులుపూ ఎంతో, ఈ జిల్లాల వాళ్ళకు ఎడారుల్లో చెమట కార్చినప్పుడే తెలుసు. మా ఊళ్ళ నుంచి గల్ఫుకు పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు కన్నీళ్ళే రాస్తారు, శవపేటికలే రాస్తారు. అవి నిజమే. కానీ అక్కడ మేము వంట కూడా నేర్చుకున్నాం, ఒకరి చేతి ముద్ద ఒకరం తిన్నాం. అది రాయడానికి ఎవరికీ తీరిక లేదు. అందుకే నేను రాస్తున్నాను. నాకు ఈ వంట నేర్పిన మనిషి పేరు దావీదు. ఆయనను నేను ఒక్క మాటతో పోగొట్టుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవచ్చా, ఆయన మళ్ళీ నన్ను తమ్మీ అని పిలుస్తాడా అన్న ఒక్క సందేహంతో పదకొండేళ్ళు గడిపాను.

దావీదన్నది కోరుట్ల పక్క పల్లె. ఊరి చివరి వాడలో పుట్టాడు. తాత ముత్తాతల కాలం నుంచి గుంట భూమి లేదు. నాకంటే పదేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ భుజం మీద తడి తువ్వాలతో ఉండేవాడు. సౌదీలో రోడ్డు వేస్తున్న ఒక కొరియా కంపెనీ క్యాంపులో వంటశాల పని చేసేవాడు. నేను నాలుగో తరగతిలో బడి మానేసి మగ్గం గుంతలో కూర్చున్నవాణ్ణి. ఇరవై ఆరేళ్ళ వయసులో మగ్గం వదిలి ఆ క్యాంపుకు కూలీగా వెళ్ళాను. ఇనుప చువ్వలు మోసి నెల తిరగకముందే ఎండదెబ్బకు పడిపోతే, "వీణ్ని నాకియ్యుండ్రి" అని మేస్త్రీని అడిగి వంటశాలలోకి లాక్కున్నది ఆయనే. తెలుగు మాట విని అడిగాడట. అంతే, వేరే కారణం లేదు.

వంటశాలకు పెద్ద ఒక కొరియా ఆయన. పొట్టిగా ఉండేవాడు కాబట్టి మేము ఛోటా సాబ్ అనేవాళ్ళం. ఎండలు ముదిరితే వాళ్ళ మనుషులకు మధ్యాహ్నం వేడి అన్నం దిగదు. సన్నటి గోధుమ నూడుల్స్ ఉడికించి, చల్లబరిచి, ఎర్రటి కారం ముద్దలో కలిపి, మీద దోసకాయ తురుము, సగం కోసిన గుడ్డు పెట్టి ఇచ్చేవాళ్ళు. నేను వంటశాలలో చేరిన మూడో రోజున అదే వంట. రెండు వందల మందికి. దావీదన్న ఐసు తేవడానికి చల్ల గదిలోకి పోతూ, "వడగట్టి సల్లగ చెయ్యి తమ్మీ, పోగు పోగు విడిగ ఉండాలె" అని చెప్పి వెళ్ళాడు.

పోగు అన్న మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. పోగుల సంగతి మాకు కాకపోతే ఎవరికి తెలుసు? వీధిలో పడుగు నూలు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి. గంజి లేని నూలు తెగిపోతుంది; గంజి పట్టిన పోగు నిటారుగా, విడిగా నిలుస్తుంది. నూడుల్స్ ఉడికిన గిన్నెలో చిక్కటి గంజి కనిపిస్తూనే ఉన్నది. దాన్ని పారబోయడం పాపమనిపించింది. చల్లార్చాను. నూడుల్స్‌ను అందులో ముంచి, వేళ్ళతో నిమిరి, ప్రతి పోగుకూ గంజి పట్టేలా చూసి, పెద్ద పళ్ళేల్లో వరుసగా పరిచి ఫ్యాను కింద పెట్టాను. పది నిమిషాల్లో అవి అట్టముక్కలైపోయాయి.

దావీదన్న వచ్చి ఒక పళ్ళెం అంచు పట్టుకొని ఎత్తాడు. నూడుల్స్ మొత్తం ఒకే పలకగా లేచాయి.

"ఏం జేసినవ్ తమ్మీ?"

"గంజి పట్టిచ్చిన అన్నా. తెగకుంట."

ఆయన నన్ను చూశాడు. పలకను చూశాడు. తర్వాత ఐసు గంప కింద పెట్టి, గోడ పట్టుకొని నవ్వడం మొదలుపెట్టాడు. "ఓరి పిచ్చోడా! గిది నేసుటానికా, తినుటానికా? అంచు ఎక్కడ పెడ్తవ్ రా దీనికి?"

అంతలో ఛోటా సాబ్ వచ్చాడు. పళ్ళెం తిప్పి చూసి వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. నన్ను మళ్ళీ చువ్వల దగ్గరికి తోలేస్తారనుకున్నాను. దావీదన్న ఏమీ ఎరగనట్టు, తన వంటింటి ఇంగ్లీషులో "న్యూ స్టైల్ సార్" అన్నాడు. ఛోటా సాబ్ అరనిమిషం ఆ పలకనే చూసి, వేలితో దాని మీద తట్టి, తల అడ్డంగా ఊపుకుంటూ పోయాడు. కొత్త నూడుల్స్ ఉడికించేసరికి భోజనం అరగంట ఆలస్యమైంది. నెల రోజులు నాకు ఉల్లిగడ్డలు తప్ప వేరే ఏదీ ముట్టుకునే భాగ్యం లేకపోయింది. ఆ పలకల్ని దావీదన్న ముక్కలు కోసి, నూనెలో ఎర్రగా వేయించి, రాత్రి మన తెలుగు వాళ్ళందరికీ పెట్టాడు. "తినుండ్రి, సిరిసిల్ల చీర" అన్నాడు. ఏడాది పాటు నా పేరు కనకయ్య అని ఎవరూ పిలవలేదు, సిరిసిల్ల చీర అనే పిలిచారు.

మరునాడు ఆయన నా చేతులు పట్టుకొని నేర్పాడు. నూలుకు ఏది బలమో దీనికి అదే బరువట. చల్లటి నీళ్ళలో రుద్ది రుద్ది కడిగితేనే పోగు గట్టిగా, జారుగా ఉంటుంది, కారం లోపలికి ఎక్కుతుంది. కారం ముద్దలో పులుపు ముందు పడాలి, తీపి తర్వాత, నువ్వుల నూనె ఆఖరున. గరిటెతో కలపకూడదు, చేత్తో కలపాలి. "చెయ్యి మండుతున్నదంటె నోటికి సరిపోయినట్టు" అనేవాడు. కలిపాక ఒక బుక్క వేళ్ళకు చుట్టి, ఎదుటివాడి నోట్లో పెట్టి ఉప్పు చూడమనేవాడు. ఛోటా సాబ్ దగ్గర నేర్చిన పద్ధతి అది. ఆరేళ్ళ పాటు ఆ మొదటి బుక్క నాదే. ఆయన చేతి ముద్ద నోట్లో పడేటప్పుడు ఆయనది ఏ వాడ, నాది ఏ వాడ అని నాకు ఎన్నడూ తట్టలేదు. తట్టలేదు కాబట్టి నేను చాలా గొప్పవాణ్ణనుకునేవాణ్ణి.

చదువు కూడా ఆయన పెట్టిన భిక్షే. నాకు అక్షరాలు మసకగా గుర్తున్నాయి; ఇంటికి ఉత్తరాలు ఆయనతోనే రాయించేవాణ్ణి. ఒక శుక్రవారం మా అమ్మకు రాయించడానికి కాగితం తీసుకొని వెళ్తే కలం నా చేతిలోనే పెట్టాడు. "మీ అవ్వకు నువ్వు చెప్పేది నేనెందుకు వినాలె? నువ్వే రాయి. తప్పులు పోతె పోనియ్" అన్నాడు. మూడు వాక్యాలు రాయడానికి పొద్దంతా పట్టింది. ఆ మూడు వాక్యాల నుంచి మొదలుపెట్టి, పాత పత్రికల్లో చుట్టి వచ్చిన సామాను కాగితాలన్నీ చదివి, తర్వాత గ్రంథాలయాల్లో కూర్చొని, ఇవాళ మీకు ఇది రాస్తున్నాను. బడి నాకు నేర్పింది నాలుగేళ్ళు; మిగిలిందంతా ఆ కలం నా చేతిలో పెట్టిన మనిషి పుణ్యం.

ఆరేళ్ళ తర్వాత ఇద్దరం కొన్ని నెలల తేడాతో ఇంటికి వచ్చేశాం. ఆ ఎండాకాలంలో దావీదన్న నన్ను చూడటానికి సిరిసిల్లకు వచ్చాడు. క్యాంపు నుంచి తెచ్చిన నూడుల్స్ కట్టలు నాలుగు సంచిలో పెట్టుకొని, జగిత్యాలలో బస్సు మారుతూ అక్కడి మార్కెట్లో మిరప కారం, నువ్వులు కొనుక్కొని వచ్చాడు. "అవ్వకు తినిపియ్యాలె. కొడుకు ఆరేండ్లు ఏం తిన్నడో ఎరుకైతది" అన్నాడు. బస్‌స్టాండు నుంచి ఇంటిదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. మా అవ్వ మడి మనిషి కాదు కానీ పాత మనిషి. వంటింట్లోకి ఎవరిని రానిస్తుందో, ఎవరిని అరుగు మీదే కూర్చోబెడుతుందో నాకు తెలుసు. లేదా తెలుసనుకున్నాను.

ఆమె నూలు పోగులు చుట్టే ఆసు దగ్గర నుంచి లేచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ మమ్మల్ని చూసింది. ఆమె నోరు తెరవకముందే నేను తెరిచాను.

"అవ్వా, దావీ... దేవయ్యన్న. క్యాంపుల నాకు పెద్దన్న లెక్క. మనోళ్ళే. కోరుట్ల పద్మశాలోళ్ళు."

ఆయన పేరు కూడా మార్చేశాను. పక్కనే నిలబడ్డ దావీదన్న నా వంక తిరగలేదు. అవ్వ ముఖం విప్పారింది. "అట్లనా కొడుకా! కోరుట్లల మా చిన్నమ్మోళ్ళుంటరు. ఇంటిపేరేంది?"

నా అబద్ధాన్ని మోయాల్సిన వంతు ఆయనకు వచ్చింది. ఆయన నవ్వుతూ అన్నాడు: "వంటోనికి ఇంటిపేరేందవ్వా? పొయ్యి సూపియ్యి, ఆకలైతున్నది."

ఆ పూట ఆయన వండినట్టు మళ్ళీ ఎవరూ వండలేదు. క్యాంపులోని ఎర్ర ముద్ద ఇక్కడ దొరకదు కాబట్టి జగిత్యాల కారంలో బెల్లం, మెత్తగా నూరిన అన్నం కలిపి ముద్ద చేశాడు. సిర్కాకు బదులు నిమ్మకాయ. ఐసుకు బదులు రంజన్ కుండలోని నీళ్ళు, కడవ తర్వాత కడవ. నువ్వులు అవ్వే వేయించింది. ఆయన దోసకాయ తరుగుతుంటే పక్కన పీట వేసుకు కూర్చొని ఎడారి ముచ్చట్లన్నీ అడిగింది. నా గంజి కథ చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. తిన్నాక కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "గింత కారం, గింత సల్లగ! నోరు కాలుతుందా సల్లవడుతుందా తెలుస్తలేదు కొడుకా" అని ఇంకా పెట్టించుకున్నది.

ఆ రోజు మొదటి బుక్క ఆయన నా నోట్లో పెట్టలేదు. ఉప్పు తానే చూసుకున్నాడు. మా అందరికీ వడ్డించి, చేతులు కడుక్కొని, "బస్సుకు ఆలస్యమైతది అవ్వా" అని సంచి తీసుకున్నాడు.

"తినకుంట పోతవా?" అన్నది అవ్వ.

"వండినోనికి వాసనతోనే కడుపు నిండుతది."

వీధి మలుపు దాకా వెంట వెళ్ళాను. "అన్నా, అవ్వ పాతకాలపు మనిషి. అందుకే అట్ల చెప్పిన" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, తీసేసి, వెళ్ళిపోయాడు. తమ్మీ అనలేదు. ఆ తర్వాత నేను రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. నేనే రాసిన ఉత్తరాలు, తప్పుల్లేకుండా.

తర్వాతి పదకొండేళ్ళు నాకు ఆ సందేహంతో పాటు కోపంతో గడిచాయి. మరమగ్గాల మీద పని చేశాను, సభల్లో మాట్లాడాను, కులం పేరెత్తితే చాలు గొంతు చించుకున్నాను. మనుషుల్ని గడప దగ్గర ఆపే పెద్దల మీద నాకు కసి. లోపల మాత్రం ఒక లెక్క ఉండేది: దావీదన్నను పోగొట్టింది మా అవ్వ తరం, నేను కాదు. ఒకరోజు ఇంట్లో ఏదో మాట మీద ఆ లెక్క బయటికే వచ్చింది. "మీ అసుంటోళ్ళ భయానికి నేను ఒక మంచి మనిషికి అబద్ధపు కులం అంటగట్టిన. ఆయన దేవయ్య కాదు, దావీదు. మనోళ్ళు కాదు" అని అరిచాను.

అవ్వ మంచం మీద సేమ్యా ఆరేస్తున్నది. గోధుమ పిండిని వేళ్ళ మధ్య సాగదీసి, దారంలా పొడుగ్గా చేసే సేమ్యా. చేతిలోది మంచం మీద జాగ్రత్తగా పరిచి, అప్పుడు తల ఎత్తింది.

"నేను అడిగిన్నా?"

"ఏంది?"

"ఆయన్ది ఏ కులమని నేను అడిగిన్నా? ఇంట్ల అడుగు పెట్టంగనే నువ్వే చెప్పినవ్. నువ్వు చెప్పినంకనే ఇంటిపేరు అడిగిన. నేను ఏమంటుంటినో, ఏమనకపోతుంటినో, నన్ను అననిచ్చినవా?"

తాను ఒప్పుకునేదాన్నని మాత్రం ఆమె అనలేదు. "లోపటికి రమ్మంటుంటినని గట్టిగ చెప్పను, గా కాలంల నేనెట్లుంటినో నాకే ఎరుక లేదు" అన్నది. "కని ఆ మనిషి తినకుంట పోయిండు. అది నాకు ఇప్పటికీ గుర్తే." ఆరిన సేమ్యా ఒక కట్ట గుడ్డలో కట్టి నా ముందు పెట్టింది. "తీస్కపో. గాయిన దగ్గర నూడుల్స్ యాడ దొరుకుతయ్, దీంతోనే వండి పెట్టు."

మరునాడు పొద్దున్నే వేములవాడ మీదుగా కోరుట్ల బస్సెక్కాను. ఆయన అప్పటికి పల్లె వదిలి కోరుట్లలో చిన్న పెంకుటింట్లో ఉంటున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు. ఆయన భార్య మరియవ్వ నీళ్ళు ఇచ్చింది. నేను మూట విప్పి, "పొయ్యి చూపియ్యి వదినా" అన్నాను.

వంట చేస్తున్నంతసేపూ ఆయన గోడకు ఆనుకొని చూస్తూ కూర్చున్నాడు. సేమ్యాను గట్టిగా రుద్ది కడుగుతుంటే కొన్ని పోగులు తెగాయి. చాలాసేపటికి మొదటి మాట అన్నాడు. "మెల్లగ. ఇంటి సేమ్యా అది, నువ్వు రుద్దే రుద్దుడుకు ఆగది."

"అన్నా, అవ్వ అడుగనే అడుగలే. నేనే చెప్పిన" అన్నాను, నీళ్ళలోకి చూస్తూ.

"గా పొద్దే ఎరుక నాకు. పక్కనే ఉంటి గద."

"మరి పదకొండేండ్లు..."

"ఎల్లగొడ్తదని భయపడ్డవ్. ఎల్లగొట్టనియ్యాలె తమ్మీ. ఎల్లగొడితే నేనూ అవ్వా సూసుకుంటుంటిమి. నాకు అసుంటియి కొత్త గాదు, ఏం మాట్లాడాల్నో నాకు ఎరుకే. నువ్వు నన్ను లోపటికి తీస్కపోయినవ్ గని, నన్ను తీస్కపోలే. ఇంకెవన్నో తీస్కపోయినవ్. గందుకే తినబుద్ధి కాలే."

తమ్మీ అన్నాడు. నేను ఆ మాట దగ్గరే ఉండిపోయాను; మిగతాది తర్వాత బస్సులో కూర్చున్నాక గానీ లోపలికి దిగలేదు. కారం కలిపాను. ఆయన తిని, "పులుపు తక్కువైంది. ఉల్లిగడ్డల కాన్నే ఆగిపోయినవ్ నువ్వు" అని, రెండోసారి పెట్టించుకున్నాడు. మరియవ్వ నవ్వుతూ, "ఎండలు ముదిరినయంటె సాలు, సిరిసిల్ల చీర అనుకుంట నీ ముచ్చటే తీస్తడు. ఉత్తరాలన్నీ దాసిండు" అన్నది. ఆయన ఆమెను కసురుకున్నాడు.

మేము తింటుండగానే పక్కింటి ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎవలు దావీదూ? సుట్టపాయననా?" అని అడిగాడు.

దావీదన్న పళ్ళెంలోంచి తల ఎత్తాడు. "కనకయ్య" అన్నాడు.

అంతే. ఇంకేమీ చెప్పలేదు. ముసలాయన ఇంకా ఏదో వస్తుందని ఎదురు చూశాడు. నేనూ చూశాను. దావీదన్న మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. కాసేపటికి ముసలాయన గడప దాటి వచ్చి, నా పక్కన చతికిలబడి, "ఏందిది, ఇంత ఎర్రగున్నది? నాకూ జరంత పెట్టుండ్రి" అన్నాడు.

దావీదన్న పోయి నాలుగేళ్ళయింది. అవ్వ అంతకు ముందే పోయింది. పోయేలోగా ఆయన మా ఇంటికి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ తిని వెళ్ళాడు. నేను మనిషినేమీ మారిపోలేదు. కోపం నాకు ఇప్పటికీ ఎక్కువే, దాన్ని తగ్గించుకోవాలని కూడా లేదు. కానీ ఎవరినైనా వెంటబెట్టుకొని ఒక ఇంటికి వెళ్ళినప్పుడు, మా ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు, పేరు చెప్పి నోరు మూసుకుంటాను. ఆ తర్వాత ఒక చిన్న నిశ్శబ్దం వస్తుంది. దాన్ని ఏదో ఒకదానితో నింపాలని నాలుక ఇప్పటికీ పీకుతుంది. నింపను. ఎదుటివాళ్ళు ఏమడుగుతారో అడగనిస్తాను. చాలాసార్లు వాళ్ళు ఏమీ అడగరు, కూర్చోమంటారు.